తెల్లారగట్ల పొగ, డెల్టా తేమ: పీఎం 2.5 అంకె చెప్పని సంగతి

చలికాలం వచ్చిందంటే చాలు ఢిల్లీ గాలి గురించి టీవీల్లో గోల మొదలవుతుంది, మనవాళ్ళు ఫోన్‌లో విజయవాడ ఏక్యూఐ (గాలి నాణ్యత సూచిక) తీసి చూసుకుని అమ్మయ్య మనకి పర్లేదులే అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఢిల్లీతో పోలిస్తే పర్లేదన్నది నిజమే, కాదనట్లేదు. కానీ ఆ అంకె దేన్ని కొలుస్తోందో దేన్ని వదిలేస్తోందో తెలిస్తే అంత నిశ్చింతగా ఉండలేం. విజయవాడ, గుంటూరు, తెనాలి లాంటి డెల్టా ఊళ్ళలో గాలిలోని తేమని పక్కన పెట్టి పొల్యూషన్ గురించి మాట్లాడితే సగం సంగతి బయటే ఉండిపోతుందని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే గాలిలో తేలే సన్నటి రేణువు లోపల ఏ కెమిస్ట్రీ జరగాలో, ఎంత వేగంగా జరగాలో చాలావరకు ఆ తేమే నిర్ణయిస్తుంది.

ముందు ఆ అంకె సంగతి. ఏక్యూఐ కట్టడానికి వాడే కొలతల్లో ముఖ్యమైంది పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్ల లోపు సైజు రేణువులు, ఘనపు మీటరు గాలిలో వాటి బరువు ఎన్ని మైక్రోగ్రాములన్నది లెక్క. మన దేశంలో 2009 నుంచి ఉన్న ప్రమాణం ప్రకారం 24 గంటల సగటు 60, ఏడాది సగటు 40 దాటకూడదు, డబ్ల్యూహెచ్‌వో అయితే 2021లో తన ప్రమాణాల్ని 15కి, 5కి దించేసింది. ఈ బరువు తూచేటప్పుడు రేణువులో ఉన్న నీటిని వీలైనంత తీసేస్తారు. ఉదాహరణకి అమెరికా వాళ్ళ రిఫరెన్స్ పద్ధతిలో గాలి పట్టిన ఫిల్టర్‌ని 30 నుంచి 40 శాతం తేమ ఉన్న గదిలో కనీసం ఒక రోజు ఉంచాకే త్రాసు మీద పెడతారు, ఆటోమేటిక్ మెషీన్లలో గాలి లోపలికెళ్ళే గొట్టానికే హీటర్ ఉంటుంది. ఇందులో తప్పేం లేదు, నీళ్ళని కాలుష్యం కింద జమేయకూడదు కదా, ఊరికీ ఊరికీ పోల్చాలన్నా అందరూ ఒకే పద్ధతిలో ఆరబెట్టాల్సిందే. కాకపోతే దాని పర్యవసానం ఏంటంటే రిపోర్టులో ఉండేది ఆరిన రేణువు, మనం పీల్చేది తడి రేణువు. జనవరిలో తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున తేమ 90 దాటి ఉన్నప్పుడు ఈ రెండూ ఒకటి కావు.

సరే ఆ రేణువులో ఏముంటుంది అంటే, దుమ్మూ మసీ అని చాలామంది అనుకుంటారు. ఒక మైక్రాన్ లోపు రేణువుల బరువులో 20 నుంచి 90 శాతం దాకా కర్బన పదార్థాలే ఉంటాయని ప్రపంచంలో చాలా చోట్ల కొలిచి చూశారు, ఊరిని బట్టి సీజన్‌ని బట్టి మారుతుంది. వీటిలో కొంత నేరుగా పొగగా వస్తుంది, వరి గడ్డి కాల్చినా కట్టెల పొయ్యి పెట్టినా డీజిల్ బండి నడిచినా. మిగతాది గాలిలోనే తయారవుతుంది. పెట్రోల్ ఆవిరి, పెయింట్ల వాసన, ఆటోనగర్‌లో వాడే థిన్నర్, జామాయిల్ తోటల నుంచి వచ్చే ఆ ఘాటు వాసన, ఇవన్నీ వాయువులే, ఎండలో ఓజోన్‌తోనూ హైడ్రాక్సిల్ అనే చురుకైన కణంతోనూ కలిసి ఆక్సిజన్ ఎక్కించుకుని బరువెక్కి, ఇక ఆవిరిగా ఉండలేక రేణువుల మీద చేరిపోతాయి. 1950ల్లో లాస్ ఏంజెలిస్ స్మాగ్ ఎక్కణ్ణుంచి వస్తోందో ఎవరికీ అంతుపట్టనప్పుడు ఆరీ హాగన్‌స్మిట్ అనే కెమిస్ట్ బండ్ల పొగలోని కర్బన ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్‌లు ఎండలో కలిసి ఓజోన్ పుట్టిస్తున్నాయని తేల్చారు. కర్బన ఆవిర్ల నుంచి రేణువులు పుట్టే సంగతి కూడా ఆ దారిలోనే తర్వాత బయటపడింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తే, ఇలా పుట్టిన కర్బన రేణువు నూనె చుక్కలాగా ద్రవంగానే ఉంటుందని చాలాకాలం అనుకున్నారు, గాలి లెక్కలు కట్టే కంప్యూటర్ మోడళ్ళన్నీ అలాగే రాసుకున్నారు. 2010లో ఫిన్లాండ్‌కి చెందిన అన్నెలే విర్తానెన్ బృందం పైన్ చెట్ల ఆవిర్ల నుంచి తయారైన రేణువుల్ని గట్టి పలక మీదికి వేగంగా కొట్టి చూస్తే అవి అతుక్కోకుండా ఎగిరి పడ్డాయి. ద్రవమైతే అతుక్కోవాలి, ఎగిరిందంటే గట్టిగా ఉన్నట్టు. స్ఫటికం లాంటి గట్టిదనం కాదది, గాజు లాంటిది, లోపలి అణువులు ఏ వరసా లేకుండా ఉన్నచోటే బిగుసుకుపోయి ఉంటాయి. పల్లీ చిక్కీ చూడండి, ఎండాకాలంలో పుటుక్కున విరుగుతుంది, అదే ముక్కని శ్రావణంలో మూత లేకుండా వదిలేస్తే మర్నాటికి మెత్తబడి చేతికి జిగురుగా అంటుకుంటుంది, ఆ పాకం గాలిలో ఉన్న నీటిని లాక్కుని గాజు స్థితి నుంచి జారిపోయింది. రేణువులో జరిగేది కూడా అచ్చం అదే, అందుకే ల్యాబ్‌లలో ఈ ప్రయోగాలు చేసేటప్పుడు నమూనాగా పంచదారనే వాడుతుంటారు కూడా. పైన్ ఆవిరి నుంచి చేసిన రేణువుల మీద 2013లో కొలిచిన లెక్క ప్రకారం తేమ 30 శాతం లోపుకీ 70 పైకీ మధ్య వాటి చిక్కదనం లక్షల రెట్లు మారిపోతోంది. లక్షల రెట్లు, శాతాలు కాదు.

చిక్కదనం మారితే ఏమైంది అనుకోకండి. కెమిస్ట్రీ జరగాలంటే అణువులు ఒకదాన్నొకటి కలవాలి, గట్టి రేణువులో బయటి ఓజోన్ పైపొర దాటి లోపలికి పోలేదు, లోపలి పదార్థం పైకి రాలేదు, ఆవిరై పోవాల్సింది కూడా లోపలే ఇరుక్కుపోతుంది. మెత్తబడిందంటే అన్నీ కదులుతాయి. హార్వర్డ్‌లో స్కాట్ మార్టిన్ బృందం ఈ ఎగిరిపడే పరీక్షనే అమెజాన్ అడవిలో చేస్తే అక్కడి రేణువులు ఎక్కువ భాగం ద్రవంగానే ఉన్నాయని తేలింది, ఆ ఫలితం 2016లో వచ్చింది. ఫిన్లాండ్ అడవిది చల్లటి గాలి, అమెజాన్‌ది వేడి తేమ. మరి మన సంగతేంటి? రోహిణి కార్తెలో పడమటి గాలి తోలుతున్నప్పుడు మధ్యాహ్నం బెజవాడలో తేమ బాగా పడిపోతుంది, పెదాలు పగులుతాయి, ఆ రాత్రికే గాలి తిరిగి సముద్రం వైపు నుంచి వస్తే ఉక్కపోత. అంటే ఒకే రేణువు ఒకే రోజులో బిగుసుకునీ మెత్తబడీ రెండు రకాలుగా ప్రవర్తించే ఊరు మనది. ఉత్తర దేశం లెక్కలో యూరప్ లెక్కలో తెచ్చి ఇక్కడ అతికించుకుంటే ఎలా సరిపోతుంది చెప్పండి.

తేమ వల్ల మంచి కూడా ఉంది, అది దాచి మాట్లాడితే నాకే నచ్చదు. బెంజోపైరీన్ అని ఒకటుంది, ఏది సరిగ్గా కాలకపోయినా పుడుతుంది, క్యాన్సర్ కారకం అని ఎప్పుడో తేలిపోయింది, మన జాతీయ ప్రమాణాల్లో కూడా ఏడాది సగటున ఘనపు మీటరుకి 1 నానోగ్రామ్ మించకూడదని ఉంది. ల్యాబ్‌లో ఓజోన్ దీన్ని గంటల్లో విరగ్గొట్టేస్తుంది, మరి అలాంటప్పుడు అది పుట్టిన చోటు నుంచి వేల కిలోమీటర్ల దూరంలో ఎలా దొరుకుతోందన్నది పెద్ద చిక్కుముడిగా ఉండేది. జవాబు మళ్ళీ ఈ గాజు రేణువులోనే దొరికింది, చుట్టూ గట్టి కర్బన పొర కప్పేసి ఉంటే ఓజోన్ దాన్ని ముట్టుకోలేదు. జర్మనీలో మైంజ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్ళు 2018లో చెప్పింది కూడా ఇదే, చల్లటి పొడి గాలిలో ఈ విషం ఎక్కువకాలం బతుకుతుంది, వెచ్చటి తేమ గాలిలో తొందరగా విరిగిపోతుంది. ఆ లెక్కన మన ఉక్కపోత మనకి కొంత మేలే చేస్తోంది. అలాగని సంతోషపడిపోవడానికీ లేదు, విరిగిపోయాక వచ్చే క్వినోన్‌ల లాంటివి కూడా ఊపిరితిత్తుల్లో మంట పెట్టే రకాలే.

ఇక చెడు వైపు. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే, కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను.

ధనుర్మాసంలో తెల్లారగట్ల అయిదున్నరకి ఏ కాలవ గట్టు మీదికైనా వెళ్ళి చూడండి, ఊడ్చిన ఆకులూ కొబ్బరి బొండాలూ పాలిథిన్ కవర్లూ కుప్పపోసి అంటించి ఉంటారు. రాత్రంతా మంచు పడి తడిసిన చెత్త అది, మంట లేవదు, తెల్లటి పొగ మాత్రం దట్టంగా వస్తుంది, ఆ పొగ పైకి లేవకుండా నీళ్ళ మీదుగా నడుముల ఎత్తులో పాకుతూ పోతుంది. మంట పెద్దగా ఉంటే కర్బనం చాలావరకు కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది, తడి చెత్త నిప్పు రాజుకుంటూ ఉంటే సగం కాలిన కర్బన పదార్థాలన్నీ పొగలోకి వస్తాయి. పైగా ఆ టైమ్‌లో నేల చల్లబడి పైన వెచ్చటి గాలి పొర ఉంటుంది కాబట్టి పొగ ఎక్కడికీ పోదు. అదే టైమ్‌లో ఊళ్ళలో కల్లాపి చల్లి ముగ్గులేసే ఆడవాళ్ళూ, పేపర్ వేసే పిల్లలూ, పాల బళ్ళవాళ్ళూ, రోడ్లు ఊడ్చేవాళ్ళూ, షుగర్ ఉందని డాక్టర్ చెబితే వాకింగ్‌కి బయల్దేరిన పెద్దవాళ్ళూ అందరూ ఆ గాలిలోనే ఉంటారు.

ఇంతవరకూ అందరికీ తెలిసిన సంగతే. తేమ చేసే పని ఇక్కణ్ణుంచి మొదలవుతుంది. కలపా గడ్డీ ఆకూ కాలితే గ్వయకాల్, సిరింగాల్ లాంటి ఫినాల్ జాతి పదార్థాలు ఆవిరిగా వస్తాయి, పొగ వాసన మనకి తెలిసేదే వీటివల్ల. వీటికి నీళ్ళలో కరిగే గుణం ఉంది. గాలి పొడిగా ఉంటే చాలావరకు ఆవిరిగానే ఉండి చెదిరిపోతాయి, పొగమంచు ఉంటే ఆ నీటి చుక్కల్లోకీ తడి రేణువుల్లోకీ దిగిపోతాయి, అక్కడ ఆక్సీకరణ జరిగి ఒకదానికొకటి అతుక్కుని పెద్ద అణువులవుతాయి, ఎండెక్కి మంచు విడిపోయాక నీళ్ళు ఆవిరైనా ఇవి మాత్రం రేణువుగా మిగిలిపోతాయి. అంటే నిప్పు ఆరిపోయాక కూడా కాలుష్యం తయారవుతూనే ఉంటుంది. ఇది ఊహ కాదు, ఇటలీలో పో నది లోయలో చలికాలం పొగమంచులో కట్టెల పొగ ఇలా మారడాన్ని నేరుగా కొలిచి 2016లో ప్రచురించారు, అలా తయారైన పదార్థం గోధుమ రంగులో ఉండి ఎండని పీల్చుకుంటుందని కూడా అందులో ఉంది. పో లోయ కూడా నదీ మైదానమే, వరి పండే నేలే, చలికాలం మంచు కమ్మే చోటే. మన డెల్టాలో నవంబర్ డిసెంబర్‌లలో వరి కోత మిషన్‌తో అయ్యాక మిగిలిన గడ్డీ కొయ్యకాళ్ళూ కొందరు తగలబెడతారు, మినుము చల్లుకునే రైతులు అలా చేయరు, పశువులున్నవాళ్ళు గడ్డి వామి వేసుకుంటారు, కానీ కాల్చేవాళ్ళున్న చోట సాయంత్రం అంటించిన పొగ రాత్రికి మంచులో కలుస్తుంది. పల్నాడు వైపు వేసవికి ముందు మిరప కట్టె, పత్తి కట్టె కాల్చడం వేరే కథ, అప్పటికి గాలి పొడిబారుతుంది కాబట్టి కెమిస్ట్రీ కూడా వేరేగా నడుస్తుంది. గుంటూరు అనగానే గాలిలో మిర్చి ఘాటే గుర్తొస్తుంది అందరికీ, యార్డు దగ్గర దగ్గు తెప్పించే ఆ దుమ్ము చాలావరకు ముతక రేణువు, ముక్కులో గొంతులో ఆగిపోతుంది, నేను చెప్పేది కంటికి కనపడకుండా ఊపిరితిత్తుల అడుగు దాకా పోయే రకం.

ఇంకో రెండు సంగతులు కలుస్తాయి ఇక్కడ. రేణువు నీళ్ళు ఎంత లాక్కుంటుందన్నది దానిలో ఉన్న ఉప్పుల మీద ఆధారపడుతుంది. ఉత్త కర్బన రేణువు 90 శాతం తేమ దగ్గర మహా అయితే రెట్టింపు ఘనపరిమాణం అవుతుంది, అమోనియం సల్ఫేట్ అయితే 80 శాతం దగ్గరే పూర్తిగా కరిగిపోయి 90కి వచ్చేసరికి దాదాపు 5 రెట్లు ఉబ్బుతుంది. ఆ సల్ఫేట్‌కి మూలం బొగ్గు కాల్చితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్, మనకి ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ ఉంది, చుట్టూ ఇటుక బట్టీలూ ఉన్నాయి. సల్ఫేట్ ఉన్న తడి రేణువు ఆమ్ల గుణంతో ఉంటే చెట్ల నుంచి వచ్చే ఐసోప్రీన్ తాలూకు ఆవిర్లు అందులోకి దిగి కర్బన రేణువుగా మారిపోతాయి, లేకపోతే అవి గాలిలోనే తిరిగేవి. చెట్టు తప్పు కాదిది. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో పవర్ ప్లాంట్ల సల్ఫర్ తగ్గించాక అడవుల నుంచి వచ్చే ఆవిర్లు అలాగే ఉన్నా కర్బన రేణువులు కూడా తగ్గుతూ వచ్చాయి. మన దేశంలో థర్మల్ ప్లాంట్ల సల్ఫర్‌కి 2015 డిసెంబర్‌లోనే హద్దులు పెట్టి ఆ తర్వాత గడువు మీద గడువు పొడిగించుకుంటూ వచ్చారు, దాని ఖరీదు సల్ఫర్ లెక్కలో మాత్రమే వేస్తే తక్కువ కనిపిస్తుంది.

రెండోది క్లోరిన్. ఐఐటీ మద్రాస్‌లో సచిన్ గుంథే బృందం 2021లో ఢిల్లీ గాలి మీద చేసిన పనిలో ప్లాస్టిక్ కలిసిన చెత్త కాల్చడం, పరిశ్రమల నుంచి వచ్చే హైడ్రోక్లోరిక్ ఆమ్లం అమోనియాతో కలిసి రేణువుల్లోకి చేరి వాటికి నీళ్ళు లాక్కునే శక్తి పెంచుతోందని, అక్కడ పొగమంచుతో దూరంలో ఉన్నవి కనపడకపోవడంలో సగం దాకా దీని వాటా ఉండొచ్చని చెప్పారు. కాలవ గట్టు మీద ఆకులతో పాటు ఒక పీవీసీ ముక్కో పాత వైరో కాలితే ఏం జరుగుతుందో దీన్నిబట్టి ఆలోచించండి, అందులోని క్లోరిన్ ఉప్పుగా మారి రేణువుకి నీళ్ళు తెస్తుంది, ఆ నీళ్ళలోకి పొగలోని ఫినాల్‌లు దిగుతాయి. జనవరి పొద్దున్నే గన్నవరంలో విమానాలు దిగలేకపోవడం, హైవే మీద లారీలు గుద్దుకోవడం చూసి ఉత్త మంచు అనుకుంటాం. ఆ మంచులో పొగ పాలు ఎంతో ఒక్కసారైనా కొలవాలి కదా.

మన ఒంటి లోపల కూడా ఇదే కథ. ఊపిరి గొట్టాల్లో తేమ 99 శాతం పైనే ఉంటుంది, అక్కడికెళ్ళిన రేణువు నీళ్ళు తాగి అడ్డుకొలతలో రెండు రెట్లో అంతకన్నా ఎక్కువో పెరగగలదు, దాని సైజు మారితే అది ఎక్కడ ఆగుతుందో కూడా మారుతుంది. కర్బన రేణువుల్లోని పెరాక్సైడ్‌లు (తేలిగ్గా విరిగిపోయే ఆక్సిజన్ పదార్థాలు) ఆ తడిలో విరిగి, దుమ్ములోని ఇనుము లాంటి లోహాలు తోడైతే కణాల్ని దెబ్బతీసే హైడ్రాక్సిల్‌ని పుట్టిస్తాయి. ఒకే 50 మైక్రోగ్రాముల అంకె ఒకరోజు మట్టి దుమ్ము కావచ్చు, ఇంకోరోజు ఈ పెరాక్సైడ్‌ల మూట కావచ్చు, యాప్‌లో రెండింటికీ ఒకటే రంగు.

చిన్న మాట ఒకటి, ఇంట్లో పెట్టుకునే చవక సెన్సార్లు కొన్నవాళ్ళకి. అవి రేణువు బరువు తూచవు, లేజర్ వెలుగు ఎంత చెదిరిందో చూసి అంచనా వేస్తాయి, చాలావాటికి గాలిని ఆరబెట్టే ఏర్పాటు ఉండదు. అందుకే మంచు పొద్దున అంకె విపరీతంగా పెరిగి తొమ్మిదింటికి ఎండెక్కగానే పడిపోతుంది, అందులో కొంత నిజమైన పొగ, కొంత ఉబ్బిన నీళ్ళు. అమెరికాలో ఇలాంటి సెన్సార్ల అంకెని తేమతో సరిచేసే సూత్రం అధికారికంగానే వాడుతున్నారు. పక్కనే తేమ ఎంతుందో కూడా రాసుకుంటే మీ సెన్సార్ పనికొస్తుంది, లేదంటే అనవసరపు కంగారు.

ఇదంతా తెలిశాక మన డబ్బు ఎక్కడికి పోతోందో చూస్తే కడుపు మండుతుంది. 2019 జనవరిలో నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రాం మొదలైంది, మన రాష్ట్రంలో విజయవాడ, గుంటూరుతో కలిపి 13 ఊళ్ళు అందులో ఉన్నాయి. పేరుకి రెండు రకాల రేణువులూ ఉన్నా ఊరికి మార్కులు వేసేది పీఎం 10 (10 మైక్రాన్ల లోపు రేణువులు) తగ్గిందా లేదా అనే. దాంతో అందరూ దుమ్ము మీద పడ్డారు, 2024లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్మెంట్ అనే పర్యావరణ సంస్థ లెక్కగట్టి చెప్పింది, దేశం మొత్తం మీద ఖర్చులో 64 శాతం రోడ్డు దుమ్ముకే పోయిందట, చెత్తా గడ్డీ కాల్చడం ఆపడానికి 15 శాతం లోపే. రోడ్లు ఊడ్చే మెషీన్లు కంటికి కనపడతాయి, ఫోటోకి బాగుంటాయి. పీఎం 10లో మట్టి దుమ్ముకి బరువెక్కువ కాబట్టి అంకె కూడా తొందరగా దిగుతుంది. కానీ ఆ మట్టి నీళ్ళు పెద్దగా తాగదు, మంచులో కొత్త రసాయనాలు పెద్దగా పుట్టించదు.

నన్నడిగితే చేయాల్సినవి పెద్ద ఖర్చు పనులేం కావు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సాయంత్రం ఆరు నుంచి పొద్దున తొమ్మిది మధ్య ఊళ్ళో ఏదీ కాల్చకూడదు అన్న నిబంధన ఒక్కటి గట్టిగా అమలు చేయాలి. చెత్త కాల్చడం ఎలాగూ ఎప్పుడూ నిషేధమే, కానీ కాగితం మీది నిషేధం కన్నా ఈ గంటల్లో కాపలా ఉండటం ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే అదే పొగ మధ్యాహ్నం రెండింటికి వస్తే చెదిరిపోయే వీలుంది, తెల్లారగట్ల వస్తే లేదు. ఊడ్చేవాళ్ళ మీద జరిమానాలు వేసి చేతులు దులుపుకోవద్దు, కుప్ప ఎత్తుకెళ్ళే బండి టైమ్‌కి రాకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. భోగి మంటల్ని నేను ఇందులో కలపట్లేదు, ఏడాదికో పొద్దుట వచ్చే పండగ అది, అందులో టైర్లూ ప్లాస్టిక్కూ వేయకపోతే చాలు. రైతుకి కాల్చొద్దు అని చెప్పేముందు గడ్డి చుట్టే మెషీన్ అద్దెకి దొరికేలా చూడాలి.

కొలత విషయంలో అయితే, మన స్టేషన్లలో తేమ కొలిచే పరికరం ఇప్పటికే ఉంటుంది, ఆ అంకెని పీఎం 2.5 పక్కనే గంట గంటకీ చూపించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫిల్టర్ల మీద పడిన కర్బనం ఎంత, సల్ఫేట్ ఎంత, క్లోరైడ్ ఎంత, కట్టెల పొగకి గుర్తయిన లెవోగ్లూకోసాన్ ఎంత అని కనీసం ధనుర్మాసం నెల రోజులు విశ్లేషించి చూడాలి, నంబూరు దగ్గర నాగార్జున యూనివర్సిటీ ఉంది, అమరావతి చుట్టుపక్కల ఇంకా యూనివర్సిటీలు వచ్చాయి, కెమిస్ట్రీ చదివే పిల్లలకి ఇంతకన్నా దగ్గరున్న సమస్య ఇంకేం దొరుకుతుంది. తెల్లవారుజాము ఫిల్టర్ ఒకటి, మధ్యాహ్నం ఫిల్టర్ ఒకటి విడివిడిగా తీయాలి, రోజంతా కలిపి ఒకటే తీస్తే తేమ చేసిన పని అందులో కలిసిపోయి కనపడదు.